ఐదింటిదాకా మాట

అక్క నోటికి చెంచాతో జావ అందించి, మింగేదాకా గొంతువైపే చూస్తూ, రెండో చేత్తో ఏదో మందుల షాపు బిల్లుల ప్రోగ్రాంలో తప్పు సరిచేస్తోంది చెల్లెలు. ఏడేళ్లుగా ఆమె ఉద్యోగమూ సంసారమూ ఈ ఒక్క బల్ల మీదే.

పక్షవాతం వచ్చి మాట పోయాక అక్కకు మిగిలింది ఒక్క చూపుడువేలు, అదీ అక్షరాలు కుదురుగా కొట్టలేనిది. అది ట్యాబ్ మీద ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ ఆగుతుందో నెలల తరబడి గమనించి చెల్లెలు ఒక ప్రోగ్రాం రాసింది. వేలు ఆగిన తీరునుబట్టి రాబోయే మాటను ఊహించి తెర అడుగున చూపిస్తుంది. తాకితే పైకి పలుకుతుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇచ్చేసింది. నాలుగు వందల ఇళ్లలో నోట మాట లేనివాళ్లు ఇప్పుడు దాంతోనే మాట్లాడుతున్నారు.

ఆ పద్ధతి మీద తమకు పేటెంట్ ఉందని, ఇదెలా రాశారో చెప్పమని రెండు నెలల కింద ఒక కంపెనీ ఉత్తరం రాసింది. ఆమె ఆ కంపెనీ పేరైనా వినలేదు. ప్రోగ్రాంలో ప్రతి వరుస పక్కనా అలా ఎందుకు రాసిందో రాసుకోవడం ఆమెకు అలవాటు. అడిగారు కదా అని ఆ వివరాలన్నీ మర్యాదగా పంపింది. కంపెనీ వాటినే సాక్ష్యంగా పెట్టింది.

ఫోన్ మోగింది. లాయరు.

“ఎవరడిగారమ్మా మిమ్మల్ని అంత విడమరిచి చెప్పమని?”

“నేను కాపీ కొట్టలేదండీ. అక్క వేలు చూసి రాసుకున్నా.”

“నాకు తెలుసు. సొంతంగా ఆలోచించినా సరే, పేటెంట్ వాళ్లది. పోరాడితే గెలుస్తామేమో, గెలిచేలోపు మీ ఇల్లు పోతుంది. ఐదింటికల్లా అన్నిచోట్లా తీసేసి, తీసేశానన్న పత్రం మీద సంతకం పెట్టి పంపండి. మీ ఇంట్లోది కూడా.”

“ఈ ఒక్కటీ ఉంచుకుంటే ఎవరికి తెలుస్తుందండీ?”

“ప్రమాణపత్రమమ్మా అది. అబద్ధమని తేలితే నేనూ ఏం చెయ్యలేను.”

ఆమె ఫోన్ పెట్టేసేసరికి ట్యాబ్ పలికింది. “పెట్టెయ్ సంతకం. ఇల్లు పోతే నన్ను నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా?”

“నువ్వూరుకో అక్కా.”

“సాయంత్రం నుంచి ఊరుకుంటాగా.”

మధ్యాహ్నం నాలుగు వందల ఇళ్లకూ ఉత్తరం రాయడానికి కూర్చుంది. ‘క్షమించండి’ దగ్గరే గంట గడిచింది. పంపగానే ఒక తండ్రి జవాబిచ్చాడు: ‘రేపట్నుంచి మా అమ్మాయికి ఎక్కడ నొప్పో నాకెలా తెలుస్తుందండీ?’

ఐదవడానికి పది నిమిషాలుంది. ఇక మిగిలింది ఇంట్లోదే.

“ఏమన్నా చెప్తావా అక్కా?”

వేలు చాలాసేపు తచ్చాడింది. ఏదో పెద్దమాటే వస్తుందనుకుంది చెల్లెలు.

“ముందు ముక్కు తుడుచుకో. చూడలేకపోతున్నా.”

తుడుచుకుంది. అక్క చూస్తుండగానే తీసేసి, సంతకం పంపింది.

కాసేపటికి అక్క వేలు మళ్లీ ట్యాబ్ అద్దం మీదికి వెళ్లింది. ఆగింది. అడుగున ఏ మాటా రాలేదు. ఇంకోచోట ఆగింది.

“నీళ్లా? దుప్పటి కప్పనా? కిటికీ వెయ్యనా?”

అన్నిటికీ కాదన్నాయి అక్క కళ్లు. అడగడానికి చెల్లెలి దగ్గర మాటలు అయిపోయాయి. వేలు ఒడిలోకి జారి, అక్కడే ఉండిపోయింది.

చెల్లెలు ట్యాబ్ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఏటవాలు ఎండలో, నల్లటి అద్దం అడుగున, ఇన్నేళ్లూ ఒకే వేలు ఆనిన చోట, గోరంత మరక మెరుస్తోంది.