నాలుగొద్దుల ఏడాది

లియాఖత్ అలీ మేళ్లచెరువు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా సున్నపురాయిని కాల్చే కిల్న్ ముందర పనిచేస్తున్నాడు. నీలి అద్దంలోంచి మంటను చూసి, రంగును బట్టి బొగ్గు పెంచాలో తగ్గించాలో చెప్పడం అతని పని. ఏడాదిగా ఆ మంట అతనికి పాలు ఒలికినట్టు మసకమసకగా కనిపిస్తోంది. ఆ మాట భార్య అజీజా బేగంకు కూడా చెప్పలేదు.

1995 అక్టోబరులో ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి, తోటి పనివాడు గుర్వయ్యతో కలిసి హోటల్లో కూలబడ్డాడు. చాయ్ గ్లాసు ఎత్తే ఓపిక కూడా లేదు. గుర్వయ్య పేపరు అతని వైపు జరిపాడు.

"నువ్వే చదువు. తలకాయ నొస్తాంది," అన్నాడు లియాఖత్.

గుర్వయ్య చదివాడు. ఎక్కడో సూర్యుడిలాంటి చుక్క చుట్టూ తిరిగే గ్రహం ఒకటి బయటపడిందట. ఇంచుమించు గురుగ్రహమంతటిదట. చుక్కకు మరీ దగ్గరగా, నాలుగు రోజులకే ఒక చుట్టు తిరిగొస్తుందట. వేడి వెయ్యి డిగ్రీలట.

"నాలుగొద్దులకే ఏడాదా? ఇగ అది దమ్ము తీసుకునేదెప్పుడు?" అన్నాడు లియాఖత్. మళ్లీ, "గంత మంట పక్కన ఉన్నదాన్ని ఎట్ల చూసిన్రు?" అని అడిగాడు.

"కండ్లతోని చూడలేదంట భాయ్. అది గుంజుతాంటే చుక్క జర ఊగుతదంట. గా ఊగుడును బట్టి పట్టిన్రు." గుర్వయ్య పేపరు మడిచి గొంతు తగ్గించాడు. "నీ సంగతి గూడ నేను గట్లనే పట్టిన. మెట్టు మెట్టుకు కాలుతోని తడుముతున్నవ్. మంట తగ్గిందని నేనంటేనే బొగ్గు పెంచుమంటున్నవ్. మొన్న నేను రాని దినం ఏమైందో యాదికున్నదా?"

ఎట్లా మరిచిపోతాడు? ఆ రోజు మంట హద్దు మీరినా అతను గుర్తుపట్టలేదు. సెగ బయటికి ఎగజిమ్మి, పక్కనే పనిలో ఉన్న జానయ్య చెయ్యి మోచేతి దాకా కాలింది. అందరూ తప్పు మిషన్ మీద వేశారు. అతను నోరు విప్పలేదు.

లియాఖత్‌కు కోపం రాలేదు. చాయ్ గ్లాసు పక్కకు నెట్టాడు.

"ఇగ నాతోని కాదు గుర్వయ్యా. సారు దగ్గరికి తోల్కపో."

చూపు సంగతి విని ఇంజనీరు సారు కేకలేసి, చివరికి గేటు పనికి మార్చాడు. నల్లగొండ దవాఖానలో, ఏళ్ల తరబడి సెగకు కళ్లలో మోతిబిందు, అదే శుక్లం, వచ్చిందనీ, కోసి తీస్తే చూపు మెరుగవుతుందనీ చెప్పారు. "నాతోని ఒక్క మాట అంటే ఏం పోయేది?" అని వెంట వచ్చిన అజీజా ఏడ్చింది.

బస్సు దిగాక ఆమెను ఇంటికి పంపి, తను మాత్రం అటు పోలేదు. జానయ్య వాకిట్లో నిలబడి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. జానయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని విన్నాడు. తర్వాత మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు.

"కూసో భాయ్. ఎంతసేపు నిలవడ్తవ్?"