జయకుమారి చేతులు

జయకుమారిని చంకల కింద పట్టి లేపడం ఈమధ్య సుబ్బరావమ్మకు రోజువారీ పనైపోయింది. నల్లపాడు గోడౌనులో మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళంతా నేలమీదే కూర్చుంటారు. కూర్చున్నంతసేపూ జయకుమారి వేళ్ళు టకటకా ఆడతాయి. లేవమంటేనే వచ్చింది చిక్కంతా. చెయ్యెత్తి జుట్టు ముడేసుకోలేదు, ఆసరా లేనిదే లేవలేదు. వేళ్ళు అంత బాగా ఆడే మనిషికి జబ్బేమిటని మేస్త్రీ నుంచీ అందరూ నవ్వేవాళ్ళే. సుబ్బరావమ్మా నవ్వింది, అబద్ధమెందుకు! మొగుడు పోయిన వారానికే వచ్చి అదే చోట కూర్చున్న మనిషి, కూతురు ఫెబా పెళ్ళికి ఒక్కపూట సెలవడగడానికి సిగ్గుపడిన మనిషి ఇప్పుడు నటిస్తోందని ఎలా అనుకున్నారో ఏమో.

అన్నాల వేళ ముద్ద దిగక, నీళ్ళు తాగి, జయకుమారి కళ్ళు తేలేసేలా దగ్గింది.

"ఆసుపత్రి డాక్టరమ్మ సాయంత్రం చేరమందొదినా. కండల జబ్బేమోనంట. ముందు భుజాలూ తొడలూ పట్టుద్దంట, వేళ్ళ జోలికి తొందరగా రాదంట. దేశదేశాల డాక్టర్లు కూడి దీన్ని గుర్తుపట్టే పద్ధతి రాస్తున్నారంట. ఒక్కో గుర్తుకి ఇన్నని మార్కులు."

"జబ్బుకి మార్కులేంటే, నీ మొహం!"

"వేళ్ళ కణుపుల మీద ఎరుపుకీ ఉన్నాయి. మిరపకాయల పనని చెప్పేసరికి ఆవిడ ఆగిపోయింది. జబ్బు ఎరుపో, కాయల మంటో తేలాలంట. నాతో చేసే మనిషి చేతులు చూడాలంది. రేపొకసారి రావా?"

"నా వల్ల కాదే తల్లీ. నిన్ను లేపి లేపి నడుం పడిపోయింది" అని విసుక్కుంది సుబ్బరావమ్మ. జయకుమారి సాయంత్రం వెళ్ళి ఆసుపత్రిలో చేరింది.

అయినా మర్నాడు పొద్దున్నే సుబ్బరావమ్మ, కాయల మంటకని చేతులకు రాసుకునే ఆముదం జిడ్డు పోయేదాకా రుద్ది కడుక్కుని ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో జయకుమారి మంచం ఖాళీగా ఉంది. వరండాలో ఫెబా గోడకానుకుని ఏడుస్తోంది. తెల్లారగట్ల జావ గొంతుకడ్డం పడి ఊపిరాగిపోయిందని ఆయా చెప్పింది.

జయకుమారి చెప్పిన డాక్టరమ్మ, బిందుమాధవి, సుబ్బరావమ్మ చేతులు పట్టుకుని చూసింది. అరచేతుల్లోనూ, వేళ్ళ సందుల్లోనూ, అంతటా పాకిన ఎరుపు.

"ఆమెకి కణుపుల మీదే ఉందమ్మా. ఇది వేరు. ఆమెది జబ్బే. గొంతు కండల్నీ పట్టేసింది."

"నేను నిన్ననే వచ్చుంటే బతికేదా?"

"ఒక్కరోజుతో అయ్యేది కాదు. నెలల కిందటే తీసుకురావాల్సింది."

ఆ నెలలన్నీ తాము నవ్విన నెలలే. సుబ్బరావమ్మకు ఏడుపు ఆగలేదు.

మంచం పక్క స్టూలు మీద, సగం మిగిలిన జావ గ్లాసు తరక కట్టి అలాగే ఉంది.