బేరమాడే జీపు

మా శౌరి బాబాయి మీద దొంగతనం అనుమానం రావడానికి కారణం నేనే.

ఎనభై నాలుగు వేసవి అది. రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి కాపు కొనే బసవపున్నారావు గారి డీజిలు జీపు బాబాయి నడిపేవాడు. మా ఇంట్లో బి.ఎస్సీ. పాసైన మొదటివాణ్ణి నేను. అందుకని పున్నారావు గారు జీపుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టారు.

"ఏమయ్యా ఇన్నయ్యా, ఆయిలు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో చూడు. మీ బాబాయి నెలకోసారి మార్చాలంటాడు."

చూశాను. "మూడు వేలకండి."

కిందటిసారి ఆయిలు మార్చాక మీటరు పదకొండు వందలే తిరిగింది. "అయితే మిగతా ఆయిలు ఎవరి ట్రాక్టరులోకి పోతోందో!" అన్నారాయన. ఆదివారంలోగా తేలకపోతే వేరే డ్రైవర్ని పెట్టుకుంటానన్నారు.

ఆ రాత్రి బాబాయి, "పుస్తకంలో ఉన్నదే కదరా చెప్పావు" అని నా కంచంలో ఇంకో చేపముక్క వేశాడు. నా చదువంతా ఆ డ్రైవరు జీతం మీదే సాగింది.

మర్నాడు నేనూ జీపెక్కాను. మొదటి తోట రెండు కిలోమీటర్లుంటుంది, దారంతా దుమ్మే. పున్నారావు గారు దిగి రైతుతో చెట్ల కిందికి నడిచారు. బాబాయి ఇంజను ఆపలేదు.

"ఆపవేం బాబాయ్?"

"ఆపితే ఊరుకుంటారేంట్రా? బండి గుర్రుమంటుంటే ఈయన వెళ్ళిపోతాడేమోనని రైతు దిగొస్తాడంట."

ఆ బేరం గంటంపావు సాగింది. తర్వాత ఇంకో మూడు తోటలు. వాచీ చూసి రాసుకున్నాను. సాయంత్రానికి బండి నడిచింది పద్దెనిమిది కిలోమీటర్లు, నిలబడి ఉండగా ఇంజను తిరిగింది అయిదు గంటలు. ఇంజన్లోంచి గేజి పుల్ల తీసి చూస్తే ఆయిలు తారులా ఉంది.

ఇంటికొచ్చి పుస్తకం మళ్ళీ తీశాను. దుమ్ములో తిరిగే బండ్లకీ, దగ్గర దగ్గర ప్రయాణాలు చేసేవాటికీ, నిలబెట్టి ఇంజను నడిపేవాటికీ ఆయిలు చాలా ముందే మార్చాలని కింద సన్నక్షరాల్లో ఉంది. నేను పై లైను చదివి ఊరుకున్నాను.

శనివారం పొద్దున్నే పున్నారావు గారి దగ్గరికి వెళ్ళాను. "తప్పు నాదండి, కింద లైను చదవలేదు. చక్రాలు తిరిగితేనే మీటరు తిరుగుతుంది. మీరు బేరమాడినంతసేపూ ఇంజను తిరుగుతూనే ఉందండి."

"అంటే ఆయిలు తాగేది నేనా?"

"అవునండి." ఇంకోలా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆయన జీపు వైపు నడుస్తూ, "పద, ఇవాళ ఆపి చూద్దాం" అన్నారు.

సవరయ్య అనే రైతు తోటలో ఇంజను ఆగగానే అతను సంబరంగా మంచం వాల్చాడు. "ఇన్నాళ్ళకి తీరుబడిగా వచ్చారు! కూర్చోండి, మజ్జిగ తెప్పిస్తాను." మజ్జిగ రెండుసార్లు వచ్చింది. ధర మాత్రం దిగలేదు.

పున్నారావు గారు విసురుగా లేచారు. "స్టార్టు చెయ్యవోయ్ శౌరీ!"

జీపు గుర్రుమంది. "ఉండండుండండి, అంత తొందరేంటండీ!" అంటూ సవరయ్య వెంటపడ్డాడు. పది నిమిషాల్లో బేరం కుదిరింది.

జీపెక్కాక పున్నారావు గారు బాబాయి భుజం మీద చెయ్యి వేశారు. "నేను ఆ ట్రాక్టరు మాట అనకుండా ఉండాల్సింది శౌరీ. ఇకనుంచి ఆయిలు ఎప్పుడు మార్చాలో నువ్వే చూసుకో, నన్నడక్కు."

"అయ్యో, దానికేముందండీ" అని బాబాయి గేరు వేశాడు. ఆయిలు కొనడానికి నూజివీడు రోడ్డెక్కాక వెనక్కి తిరిగి నాకేసి చూశాడు.

"ఆయిలు డబ్బా నువ్వే మొయ్యాలిరా, బి.ఎస్సీ.!"