నీళ్ళు మార్చని వారం

గాజుతొట్టిలో బుడగలు లేస్తున్నాయి. బుడబుడ... బుడబుడ...

పోతయ్యకి ఆ చప్పుడు వింటూ కూర్చోవడం రాదు.

నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి. కిందటేడు గుండెపోటు వచ్చాక డాక్టరు చేపలవేట మానమన్నాడు. గిలకలదిండి రేవులో పడవలు కదులుతుంటే ఇంట్లో నిలవలేకపోతున్నాడని కూతురు వీరదుర్గ ఈ తొట్టి తెచ్చింది. ఐదు బంగారు చేపలు. ఒక నీటిమొక్క.

"చూసుకుంటూ కూర్చో నాన్నా," అంది.

కూర్చోలేదు.

రోజూ నీళ్ళు పారబోశాడు. రాళ్ళు తోమాడు. కుళాయినీళ్ళు నింపాడు. మొక్క వాలితే ఇంకా లోతుకి గుచ్చాడు. మేత వేశాడు... మళ్ళీ వేశాడు.

చేపల ఒంటినిండా తెల్లని చుక్కలు లేచాయి. రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకున్నాయి. ఒకటి తేలింది. మర్నాడు ఇంకోటి. ఆ మర్నాడు మూడోది.

"సముద్రంలోవి చాల్లేదా? వీటినీ వదలవా?" అంది భార్య నాంచారమ్మ. నవ్వుతూనే అంది.

పోతయ్య ఆ పూట అన్నం తినలేదు.

గంపలకి గంపలు ఒడ్డున పోసినవాడు. చిటికెనవేలంత చేప పోతే లోపల ఈ కొట్టుకులాటేంటి?

బందరు కోనేరు సెంటర్లో రంగుచేపలమ్మే జకరయ్య దగ్గరికి వెళ్ళాడు.

"మందుందా?"

"కల్లుప్పు చాలు బాబాయ్. పది లీటర్లకి రెండు చెంచాలు, కరిగించి పోయండి. ఉప్పు మొక్కకి పడదు, దాన్ని వేరే బేసిన్లో వెలుతురున పెట్టండి. కుళ్ళిన ఆకులు తుంచేయండి. వేళ్ళే పాతాలి, మొదలు పాతకూడదు. కుళాయినీళ్ళు ఒకరోజు బకెట్లో ఉంచి, కొంచెం కొంచెమే మార్చండి, అదీ వారానికోసారి. ఇక..."

"ఇక?"

"చెయ్యి పెట్టకండి. మీ కంగారే సగం జబ్బు."

ఇంటికొచ్చి ఉప్పునీళ్ళు పోశాడు, మొక్కని బేసిన్లోకి మార్చాడు. ఇక చెయ్యి పెట్టకపోవడం — అంత కష్టమైన పని పోతయ్య ఎరగడు.

గుమ్మం దాకా వెళ్ళాడు. వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మూడో రోజు బకెట్ ఎత్తాడు... దించేశాడు.

నాలుగో రోజు ఇంకో చేప పోయింది.

నాంచారమ్మ ఈసారి నవ్వలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

ఎనిమిదో రోజు — మిగిలిన ఒక్కదాని ఒంటి మీద చుక్కల్లేవు. బేసిన్లో మొక్కకి గోరంత ఆకు.

పోతయ్య మెల్లగా వేలు గాజుకి ఆనించాడు. పారిపోతుందనుకున్నాడు.

వచ్చింది.

వేలికి ఎదురుగా ఆగింది. నోరు తెరిచింది... మూసింది...

నలభై ఏళ్ళలో ఒక చేప తనంతట తాను దగ్గరికి రావడం ఇదే మొదలు.

వేలు తీయాలో — ఉంచాలో —

పోతయ్యకి తెలియలేదు.