కామంచి దిబ్బ

వెంకటకృష్ణారావు బెజవాడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. 1943లో, యుద్ధం మూలంగా బస్సులు బొగ్గు మీద నడుస్తున్న రోజుల్లో, పామర్రు దగ్గర కాలవ వెంట పెరిగే కామంచి మొక్కల క్రోమోజోములు లెక్కపెట్టే పని పెట్టుకున్నాడు. జీవకణంలో దారప్పోగుల్లా కనబడే ఆ క్రోమోజోములు మామూలు కామంచికి ఇరవై నాలుగు. ఎవరూ నాటకుండానే ఒక్కోచోట అవి రెట్టింపై నలభై ఎనిమిది, మూడింతలై డెబ్బై రెండు ఉన్న మొక్కలు కూడా మొలుస్తాయి. ఎక్కడ మొలుస్తాయి, ఎందుకు మొలుస్తాయి అన్నదే అతని ప్రశ్న.

కాలవ ఒడ్డున ఒక దిబ్బ మీద మూడు రకాలూ ఒకేచోట దొరికాయి. అక్కడ కామంచి తప్ప గడ్డిపోచ లేదు. కొన్ని మొక్కల ఆకులు అరచేయంత ఉన్నాయి. కాయలు నల్లగా నిగనిగలాడుతున్నా ఒక్క పిట్ట వాలడం లేదు.

పక్క గట్ల మీద గడ్డి కోసుకునే శౌరమ్మ అతనికి టేపు పట్టుకుని సాయం చేసేది. నలభై దాటిన మనిషి.

"ఈ ఆకు వండుకోరా?" అని అడిగాడు మొదటిరోజు.

"కాలవ అవతలది కోసుకుంటామండి. ఇక్కడిది కొయ్యం."

"ఏం?"

"ఇది ఊరండి. కలరాకి పోయింది."

అతను చుట్టూ చూశాడు. మొండిగోడ కూడా లేదు.

కార్తీకం నుంచి మాఘం దాకా, సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి రెండువందల మొక్కల వేరుకొనలు కోసి తెచ్చాడు. ఏ మొక్క ఎక్కడుందో గళ్ల కాగితం మీద గుర్తు పెట్టాడు. పొద్దున్నే కిటికీ వెలుతుర్లో మైక్రోస్కోపు ముందు కూర్చుని లెక్కపెట్టి, ఇరవై నాలుగుకి నల్లచుక్క, నలభై ఎనిమిదికి నీలిచుక్క, డెబ్బై రెండుకి ఎర్రచుక్క పెట్టేవాడు. ఎర్రచుక్కలన్నీ పెద్దాకు మొక్కలవే.

చుక్కలు నిండేకొద్దీ అతనికి కాగితం వంక చూడాలంటే ఇబ్బందిగా ఉండేది. నీలిచుక్కలు నలుచదరాలుగా తేలాయి. వాటి మధ్య నల్లచుక్కల సన్నని బాటలు. ఒక గీతకి ఇటు ఇరవై నాలుగు, జానెడు అటు జరిగితే నలభై ఎనిమిది. తాడు కట్టి నాటినా అంత తిన్నగా రావు. తన లెక్క తప్పేమోనని తోటి లెక్చరరు రామకోటేశ్వరరావుకి, ఏ మొక్కదో చెప్పకుండా, యాభై స్లైడులిచ్చి లెక్కపెట్టమన్నాడు. అన్నీ అవే అంకెలు వచ్చాయి.

ఆ ఆదివారం కాగితం తీసుకెళ్లి శౌరమ్మ ముందు పరిచాడు. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని కాలవ వైపుకి తిప్పుకుని, ఒక నల్లబాట మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది.

"ఇది బావి సందండి. ఇది పున్నమ్మత్త ఇల్లు. ఇది అబ్రహాము తాతది."

ఏడిళ్లు చెప్పింది. తూర్పున వెడల్పాటి ఎర్రమచ్చ దగ్గర వేలు ఆగింది.

"ఇది ఎవరిల్లు?" అన్నాడు.

"ఇల్లు కాదండి. అందర్నీ కలిపి పూడ్చిన చోటు."

అతను కాగితం మీంచి తలెత్తి తూర్పువైపు దిబ్బని చూశాడు.

"నీకెలా తెలుసమ్మా?"

"నేను పుట్టిన ఊరేనండి. అప్పటికి అయిదేళ్లు. రేవులో ఒక్కదాన్నే ఏడుస్తుంటే పడవోళ్లు తీసుకెళ్లి సిస్టర్ల మఠంలో ఇచ్చారు. మా అమ్మ నన్నొదిలేసి పారిపోయిందన్నారు. పోయినోళ్లని పూడ్చినోళ్లు లెక్కేస్తే ఆమె ఒక్కతే తగ్గిందంట."

ఆమె చూపు కాగితం మీద ఇంకో చోటికి పోయింది. రేవు పక్కన, మిగతా వాటికి దూరంగా, మరో ఎర్రమచ్చ ఉంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పదకొండు మొక్కలు.

"ఇదేంటండి?"

"తెలీదమ్మా. అక్కడా డెబ్బై రెండే వచ్చాయి."

"ఆ పెద్ద మచ్చలో వచ్చినయ్యేనా?"

"అవే."

శౌరమ్మ లేచి రేవు వైపు నడిచింది. అతను వెనకే వెళ్లాడు. ఆ పదకొండు మొక్కల పక్కన చతికిలబడి, ఈ చివర్నుంచి ఆ చివరికి మూరలు వేసింది.

"రేవు దాకా తెచ్చింది నన్ను," అంది. "పారిపోలేదు మా అమ్మ. ఇక్కడే పోయింది."

అతను వంగి మొక్కల మొదట్లో మట్టి కదిపి చూశాడు. తర్వాత, "తవ్విన నేలలో ఇలాంటి మొక్కలు లేస్తాయేమోనమ్మా. ఎందుకు తవ్వారో మొక్కకి తెలీదు గదా," అన్నాడు.

"తవ్వారంటున్నారుగా. నాకది చాలండి."

"తవ్వి చూద్దామా?"

"వద్దండి. ఇంక వీటి వేళ్లు కొయ్యకండి."

ఆమె ఏడవలేదు. ఎండ వాలేదాకా అక్కడే కూర్చుంది. నెల తిరక్కుండా ఫాదరుగారిని తీసుకొచ్చి ప్రార్థన చేయించి, తాడిచెక్కతో సిలువ పాతించింది.

వెంకటకృష్ణారావు పటం లేకుండా, అంకెలు మాత్రం వేసి ఒక పత్రికకు వ్యాసం పంపాడు. మూడు రకాలు అంత దగ్గరగా, కలవకుండా ఎలా ఉన్నాయో కారణం చెప్పమని, పటం జతచేయమని వాళ్లు రాశారు. తవ్వకమే కారణమనుకున్నా ఇళ్లున్న చోట నలభై ఎనిమిది, మనుషుల మీద డెబ్బై రెండు ఎందుకో అతనికి తెలియదు. రెండుసార్లు జవాబు రాసి రెండుసార్లూ చింపేశాడు. వ్యాసం అచ్చుకాలేదు.

ఆ తర్వాత బెజవాడలో కాలవ గట్ల మీద ఎక్కడైనా పెద్దాకు కామంచి గుబురుగా కనబడితే, అతను గట్టు దిగి పక్కనుంచి నడిచేవాడు. దాని పొడవెంతో చూసేవాడు కాదు.