అమ్మ గొంతు

చెత్త సంచి పడేసి రావడానికి పట్టేది అర నిమిషం. అంతమాత్రానికి తాళంచెవి ఎవరు మోసుకెళ్తారు? దర్జీ పని చేసే ఆ ఇల్లాలూ మోసుకెళ్లలేదు. వరండా చివర సంచి పడేసి తిరిగేసరికి గాలికి తలుపు ధడాలున పడింది. ఆ భవనంలో తలుపులు వాటంతట అవే తాళం వేసుకుంటాయి. తాళంచెవి లోపల, ఫోను లోపల, నాలుగేళ్ల బుజ్జి లోపల. వేపుడు కోసం పొయ్యి మీద పెట్టిన నూనె బాణలి కూడా లోపలే.

"బుజ్జీ! తలుపు తియ్యమ్మా!"

చిట్టి అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. లోపలి తాళం గుబ్బ తిప్పితే చాలు. అది బుజ్జికి బాగా వచ్చు.

"నీ దగ్గర తాళం ఉందిగా?"

"లోపలే ఉండిపోయింది తల్లీ. తియ్యి."

"అయితే నువ్వు అమ్మవి కాదు."

ఆవిడ నాలిక్కరుచుకుంది. ఈ పాఠం నూరిపోసింది తనే. ఈ పరాయి దేశానికి వచ్చి రెండు నెలలు. ఎవరు పిలిచినా తియ్యకు, బూచాళ్లు అచ్చం అమ్మ గొంతుతో పిలుస్తారు, అమ్మ దగ్గరైతే తాళం ఉంటుంది అని రోజూ చెప్పింది. వేలు పెట్టి చూపించడానికి బూచాడు కూడా సిద్ధంగా దొరికాడు, పక్కింటి గడ్డం ముసలాయన. లిఫ్టులో ఆయన పలకరింపుగా తలూపితే, ఈవిడ కూతుర్ని వెనక్కి లాక్కునేది.

బతిమాలింది. ముద్దులాడింది. చివరికి, "తియ్యకపోతే వీపు చీరేస్తా!" అని అరిచింది. పని ఇంకా చెడింది. బుజ్జి ఏడుస్తూ లోపలికి పరుగెత్తింది. తలుపు సందులోంచి మాడు వాసన మొదలైంది.

ఇక మొహమాటం, భయం రెండూ గంగలో కలిశాయి. పక్కింటి తలుపు రెండు చేతులా బాదింది. ముసలాయన వచ్చాడు.

"పాప. లోపల. నూనె," అంటూ ఆయన భాషలో తనకొచ్చిన మూడు ముక్కలూ చెప్పింది.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆమె గుమ్మం ముందు కష్టం మీద మోకాళ్లు వంచి కూర్చుని, వేలి కణుపుతో తలుపు మీద తట్టాడు. టకటక, టక్.

ఏడుపు ఆగింది. లోపలి నుంచి అదే వరసలో జవాబొచ్చింది. గుబ్బ తిరిగింది.

"తాతా!" అంటూ బుజ్జి ఆయన మెడకు చుట్టుకుపోయింది.

తాను కుట్టుమిషను మీద వంగి ఉన్న మధ్యాహ్నాలు, బాల్కనీ గోడకు అటూ ఇటూ ఈ తట్టుడు ఆట సాగుతోందని ఆవిడకు అప్పుడే తెలిసింది. నిలబడి ఆలోచించే సమయం లేదు. వంటింట్లోకి ఉరికి పొయ్యి కట్టేసింది, నల్లగా పొగలు కక్కుతున్న బాణలి మీద మూత పడేసింది. గుమ్మం దగ్గరికి తిరిగొచ్చి చేతులు చాచింది.

బుజ్జి రాలేదు. ఆయన చొక్కా గుప్పిట పట్టుకుని, తల్లిని ఎగాదిగా చూసి మెల్లగా అడిగింది.

"తాతా, ఈమె నిజం అమ్మేనా?"

ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆవిడకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. చాచిన చేతులు అలాగే ఉంచి, ఆయన ఏం చెబుతాడా అని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.