కేబులు మోసిన భుజం

వెల్డరు పెళ్ళాం మొగుడి గుండెకి డబ్బా పెట్టించి, షాపు తన తమ్ముడి చేతిలో పెట్టబోతోందని మూలింటి కుట్టుమిషనావిడ అందట. అన్నది పాలావిడతో. పాలావిడ దాన్ని తీసుకెళ్ళి వెల్డరు చెవినే వేసింది. అంటించినావిడ కిటికీ దగ్గర జాకెట్లు కుట్టుకుంటూనే ఉంది, కాలింది మాత్రం వెల్డరు ఇల్లు.

ఆయనకి గుండెపోటు వచ్చి రెండు నెలలు. స్టెంటు వేశారు. చచ్చుబడిన కండ దగ్గర గుండె లయ తప్పుతోందని మాత్రలిచ్చారు. మాత్ర వేసుకుంటే చెయ్యి మందగిస్తోందని, నిచ్చెనెక్కే పనున్న రోజున గుట్టుగా మానేసేవాడు. మొన్న అలాంటి రోజే బిగిస్తున్న గేటు ముందు కుప్పకూలాడు. మానేసిన మాత్రలన్నీ చొక్కా జేబులో దొరికాయి పెళ్ళానికి.

ఇప్పుడు మొగుడూ పెళ్ళాం, ఆవిడ తమ్ముడూ డాక్టరమ్మ గదిలో ఉన్నారు. బామ్మర్ది తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మాత్రలు మానకూడదు," అంది డాక్టరమ్మ. "గుండెలో తేడా చేస్తున్న చోటుని సన్నటి తీగ పంపి కాల్చొచ్చు. దడ తగ్గుతుంది. కానీ ప్రాణం మీదికొచ్చే దడని ఆపేది డబ్బానే. ఎడమ భుజం కింద, చర్మం లోపల పెడతాం. అవసరమైతే షాకిచ్చి గుండెని దారిలో పెడుతుంది. ఆ తర్వాత కొన్ని వారాలు ఇక్కడే మెల్లగా వ్యాయామం చేయిస్తాం. తేరుకుంటారు."

"మరి వెల్డింగో?"

"మీరు చేసేంత పెద్ద కరెంటు పని వద్దు. డబ్బా తికమకపడుతుంది."

ఆయన ఎడమ భుజం తడుముకున్నాడు. చేతికి బరువు తెలియకుండా ఇరవై ఏళ్ళు కేబులు మోసి కాయలు కాసిన భుజం అది.

"కేబులు కుడి భుజాన వేసుకుంటా."

"భుజం మారిస్తే సరిపోదు."

"అయితే కాల్చెయ్యండి. కాల్చడమంటే నాకు భయం లేదు. డబ్బా కావాల్సింది నాకు కాదు, వీళ్ళిద్దరికీ. వీడికి మాస్కు పట్టుకోవడం నేర్పింది నేను. ఇప్పుడు నా కుర్చీకే కొలతలు తీస్తున్నాడు."

"నేనేమన్నాను బావా?"

"అనడమెందుకు, షట్టరు తాళాలు జేబులో వేసుకున్నావుగా."

"నువ్వు పడిపోతే షట్టరు ఎవరు మూయాలి? నువ్వైనా చెప్పక్కా."

ఆవిడ అటు చూసింది. తమ్ముడి చెయ్యి జేబు మీదే ఉంది. రెండు నెలలుగా మొగుడికి పథ్యం వండి, మెట్లెక్కించి, దించి, చివరికి వీధిలో దొంగలా మిగిలింది తను.

డాక్టరమ్మ డబ్బాకి ఒప్పుకోలు కాగితం ముందుకి తోసింది. "సంతకం పెడతారా?"

"ముందు దీన్ని, నా పెళ్ళాన్ని అడగండి, షాపు ఎవరికిస్తుందో."

"ఎవరికీ ఇవ్వను," అందావిడ. "డబ్బా పెట్టించుకుంటే రేపే వెల్డింగు మిషను అమ్మేస్తా. పెట్టించుకోకుండా పోయావా, నువ్వు చల్లబడకముందే అమ్మేస్తా. షాపు ఎలాగూ పోయేదే. దాంతో నువ్వూ పోతావా, ఉంటావా?"